మేస్త్రిగారి మీద పట్టిన గొడుగు

పటమట మేస్త్రిగారు పోయారు. గురువారం పొద్దున మా పాత యజమాని డాక్టరమ్మగారు ఫోన్ చేసి, "నీకు తెలిసిందా? మీ మేస్త్రి తెల్లవారకుండానే పోయాడట" అన్నారు. నేను బెంజ్ సర్కిల్ సిగ్నల్లో ఉన్నాను. పచ్చలైటు పడింది. వెనకవాళ్లంతా హారన్లు కొడుతున్నారు. నా కాలు క్లచ్ మీద నుంచి లేవలేదు. ఇన్నేళ్ల డ్రైవింగులో నడిరోడ్డు మీద బండి ఆపేసినవాణ్ణి కాదు, ఆ రోజు ఆపేశాను. పక్కన ఆటో అతను తిట్టాడు కూడా. తిట్టనీ.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఉండబట్టక రాస్తున్నాను.

డాక్టరమ్మగారి ఆసుపత్రి వెనక సందులో కార్లు బాగుచేసే ఆయన రేకుల షెడ్డు. కారు పెడితే బానెట్ వరకే నీడ. మిగతా కారంతా ఎండకి ఎండుతూ, వానకి తడుస్తూ బయటే ఉండేది. పనికి ఆయనొక్కరే. బండి రాగానే పానా అందుకునేవారు కాదు. స్టూలు మీద కూర్చుని, టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, "ఊఁ, చెప్పు. నిన్న పొద్దున్నుంచి ఏం జరిగింది?" అని మొదలుపెట్టేవారు. ఎక్కడికెళ్లావు, ఎవరెక్కారు, ఏ గుంటలో పడింది, ఎప్పుడు చప్పుడొచ్చింది. నాకు ఒళ్లు మండేది. పోలీసు స్టేషన్లో కూడా ఇన్ని అడగరు కదయ్యా అనుకునేవాణ్ణి. బండి పాడైందంటే ఒప్పుకునేవారు కాదు. "అలిగింది" అనేవారు. ఊడదీసిన స్క్రూలు స్టీలు పళ్లెంలో వరసగా పేర్చుకునేవారు. పనైపోయాక కిరసనాయిలుతో, రంపపు పొట్టుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుంటే తప్ప స్టీరింగ్ ముట్టుకునేవారు కాదు.

"జరిగింది జరిగినట్టు చెబితే సగం రిపేరు అయిపోయినట్టే తమ్ముడూ" అని ఎప్పుడూ అనేవారు. అందులో ఎంత నిజముందో మా చెల్లెలి పెళ్లినాడు తెలిసింది నాకు.

అప్పట్లో నేను డాక్టరమ్మగారి కారు నడిపేవాణ్ణి. ఆవిడ ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో ఓ ఫారిన్ కారు కొన్నారు. దానికి సన్‌రూఫ్ ఉంది. మీట నొక్కితే నెత్తిమీద అద్దం వెనక్కి జరిగి ఆకాశం కనిపించేది. ఇవాళ అదేమంత వింత కాదు గానీ, అప్పట్లో ఎక్కడ ఆగినా స్కూటర్లవాళ్లు తొంగి తొంగి చూసేవారు. మా చెల్లెలికి ఆ కారంటే పిచ్చి. "అన్నయ్యా, నా పెళ్లి ఊరేగింపు అందులోనే" అని ఎప్పుడో మాట తీసేసుకుంది. నాన్న లేరు. అది అడిగినవాటిలో నేను తీర్చినవి తక్కువ. ఈ ఒక్కటన్నా తీరుద్దామనుకున్నాను.

శ్రావణ మాసంలో ముహూర్తం. హనుమాన్ జంక్షన్‌లో పెళ్లి. పెళ్లికి ముందురోజు డాక్టరమ్మగారు హైదరాబాదు వెళ్తూ, "రేపు సాయంత్రం నాలుగున్నరకి స్టేషన్‌కి వచ్చెయ్. అందాకా కారు తియ్యకు" అన్నారు. అడిగితే ఇచ్చేవారేమో. కాదంటారేమోనని అడగలేదు. తాళం నా దగ్గరే ఉంది కదా, నాలుగింటికల్లా తెచ్చి పెట్టేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. అమ్మా నేనూ ఆ ఉద్యోగం మీదే బతుకుతున్నామన్న సంగతి ఆ పొద్దున నాకు గుర్తు రాలేదు.

ఊరేగింపులో చెల్లెలూ బావా సన్‌రూఫ్‌లోంచి పైకి నిలబడ్డారు. డాబాల మీది ఆడవాళ్లు దోసిళ్లకొద్దీ అక్షింతలు, బంతిపూలు కుమ్మరించారు. చెల్లెలి నవ్వు నేను రోడ్డు పక్క కొట్టు అద్దంలో చూశాను. ఆ నవ్వు కోసం ఇంకో పది తప్పులైనా చేసేవాణ్ణేమో, అబద్ధమెందుకు.

భోజనానికి కూడా ఆగకుండా బయల్దేరాను. దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఆగి సీట్ల మీది పూరేకులూ బియ్యమూ అన్నీ ఊడ్చేశాను. గన్నవరం దాటాక మబ్బు పట్టింది. సన్‌రూఫ్ మీట నొక్కాను. అద్దం ముప్పాతిక వరకు వచ్చి, కిర్రుమని ఆగి, మళ్లీ వెనక్కి పోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే. పదిసార్లు నొక్కి ఉంటాను. ఆకాశం నల్లగా దిగుతోంది. లోపల లేత రంగు సీట్లు, డాక్టరమ్మగారు చెప్పులు దులుపుకుని ఎక్కే కారు.

రెండు గంటలకి మేస్త్రిగారి షెడ్డు ముందు ఆపాను. ఆయన మామూలుగానే స్టూలు వేసుకున్నారు.

"ఊఁ, చెప్పు."

"ఏం లేదండీ. గాలి కోసమని తీశాను. మూసుకోవట్లేదు."

"ఎక్కడికెళ్లావు?"

"ఎక్కడికీ లేదండీ. ఇలా హైవే మీద ఓ రౌండు. దుమ్ము పట్టినట్టుంది."

ఆయన నా తలకేసి చూశారు. నూనె పెట్టి దువ్విన జుట్టు, కొత్త చొక్కా. ఆసుపత్రి వెనకే ఈయన షెడ్డు, డాక్టరమ్మగారితో రోజూ మాట్లాడే మనిషి. ఎలా చెప్పను?

సరే, నా మాట నమ్మి పనిలోకి దిగారు. ఫ్యూజులు చూశారు. మీట విప్పారు. లోపలి లైటు ఊడదీసి, పైకప్పు గుడ్డ దించి, మోటారు బయటికి లాగి, వైర్లు పట్టి చూశారు. మోటారు శుభ్రంగా తిరుగుతోంది. మోటారు బదులు చేత్తో తిప్పే కడ్డీ పెట్టి తిప్పితే అద్దం అక్కడికే వచ్చి బిగుసుకుంది. "గట్టిగా లాగెయ్యండి మేస్త్రిగారూ" అన్నాను.

"బలం ఆఖర్న వాడేది. ఇప్పుడు లాగితే లోపలి కేబుల్ తెగుద్ది. మీ అమ్మగారికి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

అప్పటికి మూడు దాటింది. నా అబద్ధానికి గంట పోయింది. మొదటి చినుకు విండ్‌షీల్డ్ మీద పడింది.

ఆయన షెడ్డులోంచి నల్లగొడుగు తెచ్చి నా చేతికిచ్చారు. "సీటు మీద గుడ్డేసుకుని ఎక్కి నిలబడు. పట్టు." పొద్దున మా బావ నిలబడ్డ చోట, సగం లోపలా సగం బయటా నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఆయన కారు పక్కన స్టూలెక్కి, పైకప్పు మీద బోర్లా వాలి, సైకిలు చువ్వని చదునుగా కొట్టి చేసుకున్న పుల్లతో అద్దం జరిగే గాడిలో వెతుకుతున్నారు. చినుకులు పెద్దవయ్యాయి. ఆయన తెల్లటోపీ, వీపు తడిసిపోతున్నాయి. పాపమని గొడుగు అటు జరిపాను.

"నా మీద ఎందుకయ్యా! గాడి మీద పట్టు!" అని కసిరారు.

ఇటు జరిపాను. కాసేపటికి చెయ్యి దానంతట అదే మళ్లీ ఆయన మీదికి పోయింది. మళ్లీ కసిరారు.

చువ్వ వెనక్కి లాగి, కళ్ల దగ్గర పెట్టుకుని చూశారు. దాని కొసన గ్రీజులో ఓ బియ్యపు గింజ. పసుపు పచ్చది. దాన్ని వేలి మీదికి తీసుకుని నాకు చూపించారు.

"పెళ్లెవరిది తమ్ముడూ?"

ఎంత మెల్లగా అడిగారో! తిట్టినా బాగుండేది. వానలో గొడుగు పట్టుకుని భోరున ఏడ్చేశాను. చెల్లెలి సంగతి, తాళం సంగతి, నాలుగున్నర రైలు సంగతి, అంతా చెప్పేశాను. ఆయన వింటూనే పని చేశారు. నేతిపసుపు పట్టించిన గింజలు కదా, గ్రీజులో అతుక్కుని గాడి చివర్న గట్టిగా మేటవేశాయి. రెండు వైపులా ఒక్కొక్క గింజా తీసి స్క్రూల పళ్లెం పక్కన కాగితం మీద పెడుతున్నారు.

"ముందే చెప్పుంటే పది నిమిషాల పని. మోటారు జోలికే పోయేవాణ్ణి కాదు" అన్నారు. తర్వాత, "నువ్వేశావా అక్షింతలు చెల్లెలి మీద?" అని అడిగారు.

లేదు. తాళి కట్టే వేళకి నేను పందిట్లో లేను. పిల్లలు కారు మీద గీతలు పెడతారని రోడ్డు మీద కాపలా కాస్తున్నాను. కాళ్లు కడిగింది బాబాయి, పిన్ని. మేళం గట్టిగా వాయించడం విని, ఆఁ, అయిపోయిందన్నమాట అనుకున్నాను. అదే చెప్పాను. ఆయన చేతిలో చువ్వ ఒక్క క్షణం ఆగింది.

మోటారు బిగించి, గుడ్డ ఎక్కించి, స్క్రూలన్నీ వరసగా పెట్టి, చేతులు కడుక్కుని మీట నొక్కేసరికి నాలుగూ పది. అద్దం మెల్లగా వచ్చింది. ముప్పాతిక దగ్గర ఆగలేదు. అది దాటి వచ్చి చప్పుడు లేకుండా మూసుకుంది. ఆ వెంటనే కుండపోత.

కాగితం పొట్లం కట్టి నా జేబులో పెట్టారు. "పారెయ్యకు. ఇవి దాని మీద వెయ్యాల్సినవి, నువ్వే వెయ్యి. ఇంకోటి. అమ్మగారికి నీ అంతట నువ్వు చెప్పు. నేను చెప్పను. కానీ ఆవిడ అడిగితే మాత్రం నేను అబద్ధమాడను."

స్టేషన్ నుంచి వస్తూ చెప్పాను. పటమటలో కారు దిగాక డాక్టరమ్మగారు చెయ్యి చాపారు. తాళం ఇచ్చేశాను. "పెళ్లికి నన్ను పిలవాలని కూడా తోచలేదా నీకు?" అన్నారు. పనిలోంచి తీసెయ్యలేదు. వారం రోజులు కారు కడిగించారు గానీ నడపనివ్వలేదు. వారం తర్వాత తాళం బల్ల మీద పెట్టి, "మేస్త్రి ఏం అడిగినా నిజం చెప్పు ఇకనుంచి" అన్నారు. మేస్త్రిగారు చెప్పలేదు, వాన్లో మేమిద్దరం పడ్డ అవస్థా, మేమనుకున్న మాటలూ ఆవిడకి ఆసుపత్రి ఆయా చెప్పిందట.

ఆ వారంలోనే హనుమాన్ జంక్షన్‌కి బస్సులో వెళ్లి, చెల్లెల్ని తూర్పుకి నిలబెట్టి ఆ గింజలు తల మీద వేశాను. "అన్నయ్యా, ఏంటీ పెట్రోలు వాసన!" అని నవ్వి, సంగతి విన్నాక కళ్లు తుడుచుకుంది.

తర్వాత నేను సొంతంగా టాక్సీ కొనుక్కున్నాను. మేస్త్రిగారికి చూపు తగ్గింది, వేళ్లు వణికేవి. మొన్న వేసవిలో వెళ్తే స్క్రూ ఆయన వేళ్లలోంచి జారిపోతోంది. నేను పట్టుకుని బిగించాను. "నిన్న ఏం జరిగిందో చెప్పలేదు నువ్వు" అన్నారు. బండికేం కాలేదు మేస్త్రిగారూ, మిమ్మల్ని చూద్దామని వచ్చానంటే నమ్మలేదు. ఇంజను దగ్గర చెవి పెట్టి చాలాసేపు విన్నారు.

గురువారం చెల్లెలు కూడా వచ్చింది. ఆయన భార్య పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. నేను మధ్యాహ్నం నమాజు తర్వాత అందరితో పాటు ఖబరస్తాన్‌కి వెళ్లాను. అందరిలాగే మూడు గుప్పెళ్ల మట్టి వేశాను. మట్టి సర్దుతూ ఉండగా చినుకు మొదలైంది. కారులోంచి గొడుగు తెచ్చి ఆ మట్టి మీద పట్టాను.

పార పట్టుకున్నతను తలెత్తి, "నువ్వు తడుస్తున్నావు భాయ్. ఆయన మీద ఎందుకు ఇంక?" అన్నాడు.

నేను కదల్లేదు. చెయ్యి నొప్పెట్టేదాకా ఆయన మీదే పట్టాను. గాడి మీద పట్టమని ఈసారి ఎవరూ కసరలేదు.