గ్యాలరీలో పద్దెనిమిదో నంబరు

ఇటలీలో మా ఊరి ఒపేరా హాలు ముందు తలుపు నేను దాటింది ఈ జన్మకి రెండుసార్లే. ఆ పాలరాతి స్తంభాలూ, ఎర్ర తివాచీ, గుర్రపు నాడాలా వంగిన ఐదంతస్తుల బాక్సు సీట్లూ పెద్ద కుటుంబాలవి. మాది పక్కసందులో ఇనుప తలుపు. అక్కణ్ణుంచి నూట ఇరవై ఆరు మెట్లెక్కితే పైకప్పు కింద గ్యాలరీ. ఎక్కేసరికి తల ప్రాణం తోక్కొస్తుంది. అయినా పాట పాటలా వినబడేది అక్కడే. ఎందుకో క్వింతోని అడగాలి.

క్వింతో గచ్చుపని మేస్త్రి. ఆ పైకప్పుని రెల్లు చాపల మీద సున్నం గచ్చు పూసి దూలాలకి వేలాడదీశారు. రెండు వందల ఏళ్లనాటిది. ముప్పై ఏళ్లపాటు దాని పగుళ్లు పూడ్చింది క్వింతోనే. ఒకసారి కొత్తగా వచ్చిన ఇంజనీరు సిమెంటు పూయమంటే పరంజా మీంచి దిగనే లేదు.

"ఏం పెద్దాయనా, దిగుతావా లేదా?"

"నువ్వే ఎక్కు నాయనా. వచ్చేటప్పుడు చెవులు కూడా తెచ్చుకో."

ఆ అబ్బాయి ఎక్కాక క్వింతో వేలికణుపుతో రెండుచోట్ల తట్టి వినిపించాడు. గచ్చు మోగింది. ఎవరో ఎప్పుడో పూసిన సిమెంటు ముక్క మూగగా ఉండిపోయింది. ఇంజనీరు దిగిపోయాడు.

క్వింతో పెళ్లాం నీవెస్ లాండ్రీలో ఇస్త్రీ చేసేది. గ్యాలరీలో మాత్రం ఆవిడే మహారాణి. ఎంత గొప్ప గాయకుడైనా శ్రుతి తప్పితే మొదటి ఈల ఆమెదే. మా దగ్గర ఈల వేస్తే ఛీకొట్టినట్టు. "ఆ గొంతేసుకుని ఎందుకొచ్చాడే అర్జియా, మేకలు కాసుకోక!" అనేది నా డొక్కలో పొడిచి. మాంసం కొట్టు దగ్గర మర్నాడంతా ఆ ఈల గురించే వాదులాట.

అర్జియా అంటే నేనే. జాబితా మనిషిని. సీజను మొదటిరోజు గ్యాలరీ టికెట్ల కోసం మూడు రోజుల ముందే పేర్లు రాసుకుని నంబర్లిస్తాను. పొద్దున ఎనిమిదికి, ఒంటిగంటకి, సాయంత్రం ఆరుకి ఆ సందులో పేర్లు పిలుస్తాను. మనిషి ఎదురుగా నిలబడి "ఉన్నాను" అనాలి. ఒక్కసారి పలక్కపోయినా పేరు కొట్టేస్తాను, వెనకవాళ్లు ముందుకి జరుగుతారు. ఒకరి బదులు ఇంకొకరు పలకడానికి వీల్లేదు. మా అమ్మ జాబితా రాసేనాటి నుంచీ ఇదే పద్ధతి. మేయరు తమ్ముడి పేరు కూడా కొట్టేసినదాన్ని.

ఈ డిసెంబరులో క్వింతోది పదిహేడు, నీవెస్‌ది పద్దెనిమిది. రెండోరోజు ఏడున్నరకి అతనొక్కడే వచ్చాడు.

"దానికి జ్వరం అర్జియా. గుండెల్లో పిల్లికూతలు. ఈ ఒక్కరోజుకి నేను పలుకుతాను."

"రెండు గొంతులున్నాయా నీకు? కుదరదు."

"నలభై ఏళ్లుగా ఎరుగుదువు మమ్మల్ని."

"ఎరుగుదును కాబట్టే చెబుతున్నాను. నీకు సరేనంటే రేపు సందంతా జ్వరమే."

వెళ్లిపోయాడు. ఎనిమిదికి ఇద్దరూ వచ్చారు. అతని కోటు ఆమె మీద ఉంది. అతని ఒంటిమీద ఉత్త స్వెట్టరు. పో నది మీంచి దిగిన పొగమంచు సందు నిండా కమ్ముకుంది.

"పద్దెనిమిది, నీవెస్."

"చచ్చీ చెడీ వచ్చానే, రాక్షసీ! ఉన్నాను, రాసుకో."

నవ్వి, దగ్గింది. ఒంటిగంటకీ వచ్చింది. ఆరుకీ వచ్చింది. నేను టిక్కు పెట్టుకున్నాను. నిజం చెప్పొద్దూ, నా జాబితాని చూసి మురిసిపోయాను కూడా.

తెల్లవారేలోపే నీవెస్ ఆస్పత్రిలో పోయింది. మందుల షాపు ఇయోలాండా, జాబితాలో పంతొమ్మిది, సందులోకొచ్చి చెప్పింది. నాకు ఏడుపు రాలేదు. ఎవరో కాఫీ ఇస్తే తాగాను. వేడిగా ఉందో చల్లగా ఉందో తెలియలేదు. కాగితం పట్టుకున్న వేళ్లు ఎవరివో అనిపించాయి.

ఎనిమిదికి క్వింతో వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. కోటు ఈసారి అతని మీదే ఉంది. నేను పిలవడం మొదలుపెట్టాను.

"పదిహేడు, క్వింతో."

"ఉన్నాను."

తరవాతి పేరు దగ్గర ఆగిపోయాను.

"ఆ నంబరు అలాగే ఉంచేద్దాం," అన్నాను. వెనక మగాళ్లు టోపీలు తీశారు.

క్వింతో నా వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

"పిలువు," అన్నాడు.

"వద్దులే క్వింతో..."

"నిన్న పిలిచావుగా. ఇవాళా పిలువు."

పిలిచాను. అందరం ఆగాం.

"కొట్టెయ్యి అర్జియా," అన్నాడు. "వెనకవాళ్లు చలిలో నిలబడ్డారు."

కొట్టేశాను. పంతొమ్మిదిని పిలిచాను.