గెడ్డ అవతల అయిదు రోజులు

అరవై ఎనిమిదో సంవత్సరం, ఎండాకాలం. నౌపడ ఉప్పు మళ్ల దగ్గర కూలీలకి కలరా తగిలిందని మా ఆసుపత్రి నుంచి ఒక డాక్టరమ్మనీ, ఇద్దరు నర్సులనీ, ఆయాల్లో నన్నూ పంపించారు. నా పేరు గౌరమ్మ. మా ఆయన పోయాక కాన్పుల వార్డులో ఆయాగా చేరి అప్పటికి ఎనిమిదేళ్లు. నాకు చదువంటే నా పేరు రాసుకోవడం వరకే. ఇదంతా నేను చెప్తుంటే రాసేవాళ్లు రాస్తున్నారు. గొంతు మాత్రం దేవుడు దండిగా ఇచ్చాడు. బొంగురు గొంతు. వార్డు ఈ చివర నేను పిలిస్తే ఆ చివర కునుకు తీసే వాచ్‌మన్ లేచి నిలబడేవాడు.

ఉప్పు మళ్ల పక్కన తాటాకు పందిరి వేసి దాన్ని క్యాంపు అన్నారు. లోపల కలరా మంచాలు. కలరా మంచం అంటే నడుం దగ్గర చిల్లు ఉన్న గుడ్డమంచం, చిల్లు కింద బకెట్టు. రోగి లేవక్కర్లేదు. బకెట్లో ఎంత పడిందో చూసి నర్సుకి చెప్తే అంత సెలైన్ ఎక్కిస్తారు. సెలైన్ అంటే సూదితో నరంలోకి ఎక్కించే ఉప్పునీళ్లు. "పగలంతా ఉప్పునీళ్లలోనే సస్తన్నాం, మళ్లీ ఇక్కడ కూడా అవేనా?" అని కాస్త కళ్లు తెరిచిన వాళ్లు నవ్వేవారు. ఆ నవ్వు వినిపిస్తే ఆ మనిషి బతికినట్టే లెక్క. బకెట్లో బ్లీచింగు పౌడరు కలిపి గోతిలో పోసి పూడ్చడం నా పని. చేతులు కడిగీ కడిగీ అరచేతుల మీద తోలు ఊడిపోయింది.

ఇరవై రోజులు చేశాక రోగం తగ్గుముఖం పట్టింది. మా అమ్మాయి పైడమ్మకి నెలలు నిండాయి, తొలి కాన్పు. ఊళ్లో మంత్రసాని కూతురింటికి వెళ్లిపోయింది. పురిటి గదిలో నీ పక్కనే ఉంటానని పైడికి మాట ఇచ్చి వచ్చాను. అందుకని సెలవు అడిగాను.

డాక్టరమ్మ సెలవు ఇచ్చింది గాని ఒక మాట చెప్పింది. "గౌరమ్మా, ఇంటికి వెళ్లాక అయిదు రోజులు విడిగా ఉండు. వంట చేయకు. ఎవరికీ తినేది చేత్తో ఇవ్వకు. దీన్ని క్వారంటైన్ అంటారు."

"కలరా రాకుండా సూది వేయించుకున్నాను కదమ్మా?"

"సూది వేసుకున్నంత మాత్రాన పూర్తి ధీమా లేదు. అయిదు రోజులు దాటితే భయం లేదు."

తల ఊపాను. ఆ ఊపిన తలలో పైడమ్మ తప్ప ఇంకేమీ లేదు.

నౌపడలో రైలెక్కి చీపురుపల్లిలో దిగి, రాజాం బస్సు పట్టుకుని, అక్కడి నుంచి నడిచి మా ఊరి పొలిమేరకి వచ్చేసరికి మనుషులు నిలబడి ఉన్నారు. ముందు మునసబు మావ. ఊరికి పెద్ద ఆయనే, మా వాళ్లకి వరసకి మావ. ఆయన పక్కన అప్పలమ్మ వదిన, మా ఆయన అక్క. నేను క్యాంపుకి వెళ్లాక పైడిని కనిపెట్టుకుని ఉన్నది ఆవిడే. చేతిలో పెద్ద కర్ర.

"ఆగు! ఆడే ఆగు!" అంది వదిన.

"ఏటొదినా, కర్ర పట్టుకున్నావు? నాను గేదెనేటి?"

"గేదెవైతే సాలలో కట్టుకుందును. నువ్వు కలరా కాడనుంచి వస్తన్నావు."

మునసబు మావ గొంతు సవరించుకున్నాడు. "ఒసే గౌరీ, కోపం తెచ్చుకోకు. ఊరంతా బయపడతన్నారు. కొన్ని దినాలు బయట ఉండిపో."

"నాకు రోగం నేదు మావా! సూది ఏసినారు, ఇదిగో జబ్బ సూడు. నా కూతురికి నెలలు నిండినాయి. ఒగ్గండి నన్ను."

డాక్టరమ్మ చెప్పిన మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగానే ఉంది గాని, మింగేశాను.

ఎంత అరిచినా వాళ్లు వినలేదు. మునసబు మావ మామిడితోటలో పాక ఉంది, అక్కడ ఉండమన్నారు. అది గెడ్డకి ఎగువన. గెడ్డ అంటే మా ఊరి పక్కన పారే వాగు. ఎండాకాలంలో మోకాలి లోతు కూడా ఉండదు. ఆడవాళ్లు దాని ఇసకలో చెలమలు తీసి తాగేనీళ్లు తోడుకుంటారు. నేను మూట నెత్తిన పెట్టుకుని, నోటికొచ్చిన తిట్లు తిట్టుకుంటూ ఎగువకి నడిచాను. పది అడుగులు వేశాను. గెడ్డ పారేది చూశాను. కాళ్లు ఆగిపోయాయి. ఇరవై రోజులు బకెట్లు మోసిన కాళ్లు అవి.

"మావా, పైన వద్దు. దిగువకి పంపండి."

"ఏటే? మామిడి నీడ సల్లగా ఉంటాది."

"నాను ఒళ్లు కడిగిన నీళ్లు మీ సెలమల్లోకే దిగుతాయి."

మునసబు మావ కాసేపు బుర్ర గోక్కున్నాడు. అప్పుడు ఆయన ముఖం వెలిగింది. "ఆగాగు. నీకు రోగం నేదన్నావు కదే? రోగం నేనిదాని నీళ్లు దిగితే మాకేటి నష్టం?"

అందరూ గొల్లున నవ్వారు. అబద్ధం ఆడినా నేను ఆసుపత్రి ఆయాని, ఎగువన ఉండడానికి ఎలా ఒప్పుకుంటాను? "నేదనే అనుకుంటన్నాను మావా. డాట్రమ్మ అయిదు దినాలు ఇడిగా ఉండమన్నాది," అని చెప్పేశాను.

"అలా సెప్పు మరి!" అని వదిన కర్ర కింద పారేసింది. "ముందే సెప్తే ఈ కర్రెందుకు మొయ్యడం? సెయ్యి లాగేస్తంది."

అలా దిగువన, గెడ్డ అవతల గట్టు మీద జీడితోట కాపలా పాకలోకి వెళ్లాను. మా పెరడుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది అది. ఊరు నన్ను బయట పెట్టింది, ఎక్కడ పెట్టాలో చూపించింది నేనే.

రెండు రోజులు బాగానే గడిచాయి. గెడ్డ మధ్యలో ఒక బండరాయి ఉంది. వదిన దాని మీద కుండలో అంబలి పెట్టి వెనక్కి వెళ్లేది. ఆవిడ గట్టెక్కాక నేను తెచ్చుకునేదాన్ని. ఆ కుండ తిరిగి ఇవ్వనని, ఖాళీ అయ్యాక నేనే రాయి మీద పెడతానని, తాకకుండా దాంట్లోకే కొత్త అంబలి ఎత్తి పొయ్యమని చెప్పాను. ఊరి కబుర్లన్నీ ఆ గట్టు నుంచి ఈ గట్టుకి అరుపుల్లో వచ్చేవి. పైడి పొట్ట పట్టుకుని పెరట్లో కూర్చుని వినేది. గాలి నా వైపు నుంచి వీస్తే మాత్రం వదిన కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది.

రెండో రోజు సాయంత్రం నేను అడ్డపొగ తాగుతున్నాను. మా వైపు ఆడవాళ్లు చుట్టని అలాగే తాగుతారు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. వదినకి చుట్టలు అయిపోయాయి. గెడ్డలో సగం దాకా దిగి వచ్చి చెయ్యి చాపింది.

"సగం ఒగ్గీయే నాకు."

"నా గాలికి ముక్కు మూసుకుంటావు, నా ఎంగిలి సుట్ట కావాలేటి?"

"అందులో నిప్పున్నాది కదే? నిప్పుకి రోగం అంటుతాదేటి?"

"గాలిలో రాదొదినా ఈ రోగం. సేతిలోంచి నోట్లోకి పోతాది." ఆ ముక్క ఆవిడ చేతికి అందకుండా కాలితో నలిపేశాను.

వదిన ముఖం మాడ్చుకుంది. "సుట్టముక్కకి కూడా పనికిరానిదాన్ని అయిపోనాను," అని గొణుక్కుంటూ గట్టెక్కింది. ఇరవై ఏళ్లుగా మేం ఒకే చుట్టని పంచుకు తాగినవాళ్లం. మా ఇద్దరి మధ్య అంతకంటే పెద్ద అవమానం లేదు.

మూడో రోజు తెల్లవారగానే నాకు కడుపు కదిలింది. కాసేపటికి మళ్లీ. ముందురోజు తోటలో రాలిన జీడిపళ్లు కడుపునిండా తిన్నాను, అదే అయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. కాని క్యాంపుకి వచ్చిన ప్రతి మనిషీ మొదట ఆ మాటే అన్నాడు, తిన్నది పడలేదమ్మా అని. మూటలో తెచ్చుకున్న బ్లీచింగు పౌడరు చల్లి గొయ్యి పూడ్చి, పాక గుమ్మంలో కూర్చున్నాను.

అప్పుడే వదిన పెరట్లోకి పరుగెత్తుకొచ్చింది. "గౌరీ! బేగి రాయే! పైడికి నొప్పులు!"

వెనకాలే మునసబు మావ. "అయిదు దినాలూ నేదు, ఏటీ నేదు. బయట పెట్టిన ఊరే ఒగ్గేస్తంది. దాటి రాయే, తల్లీ!"

మూడు రోజులుగా ఆ మాట కోసమే కాచుకుని కూర్చున్నాను. గెడ్డలో కాలు పెట్టాను. ఇంకో కాలు పెట్టాను. ఆగిపోయాను.

"నాను రాను."

"ఏటీ?" వదిన గుండెలు బాదుకుంది. "పంతమా? సుట్టముక్క మీద కోపమా? పిల్ల పేనం పోతాదే!"

"పంతం కాదొదినా. పొద్దున్న రెండుసార్లు కడుపు కదిలినాది. ఈ సేతులు పురిటి గదిలోకి రాకూడదు."

లోపల పైడి మూలుగు వినిపించింది.

"ఒదినా, నువ్వు పొయ్యి పురుడు. నాను సెప్తాను."

"నాకేటి తెలుసే? గేదెలకి పోసినాను గాని..."

"గేదెకి పోసినదానివి మనిషికి పొయ్యలేవా? ముందు గాజులు తియ్యి. మోసేతుల దాకా సబ్బెట్టి కడుగు. కొత్త బ్లేడు, దారం నీళ్లలో పడేసి మరగబెట్టు!"

అక్కడి నుంచి నా గొంతుకి పని. పెరటి గుమ్మం తెరిచి ఉంచమన్నాను. లోపల ఏం జరుగుతోందో వదిన అరిచి చెప్తుంది, నేను అరిచి ఏం చెయ్యాలో చెప్తాను. కాన్పుల వార్డులో తలుపులు మూసుకుని అనే మాటలన్నీ గెడ్డ దాటి వీధి వీధంతా వినిపించాయి. మునసబు మావ ముందు చెవులు మూసుకున్నాడు, తర్వాత తలపాగా దింపి చెవులకి చుట్టుకున్నాడు, ఆఖరికి ఊళ్లో మగాళ్లందరినీ వెంటబెట్టుకుని పొలాల్లోకి వెళ్లిపోయాడు. ఆ పూట మా వీధిలో మగపురుగు కనపడలేదు.

"తల కనపడతందే గౌరీ!"

"లాగకు! పైడీ, నా మాట ఇనిపిస్తందా? నొప్పి వచ్చినప్పుడే ముక్కు!"

"అత్త సెయ్యి కొరికేసినానమ్మా!" పైడి గొంతు.

"కొరుకు, కొరుకు! దానికి ఇంకో సెయ్యి ఉన్నాది!"

"నీ నోరు పడ, గౌరీ!" అని వదిన తిట్టడం, పైడి అంత నొప్పిలోనూ నవ్వడం, ఆ నవ్వు మధ్యలోనే కేక. తర్వాత వదిన: "వచ్చేసినాది! ఆడగుంట!"

ఏడుపు వినిపించలేదు.

"ఒదినా?"

"ఏడవనేదే గౌరీ. నీలంగా ఉన్నాది."

నేను మోకాలి లోతు నీళ్లలో బండరాయి దగ్గర నిలబడి ఉన్నాను. ఎప్పుడు దిగానో తెలీదు. ఇంకో పది అంగలు వేస్తే గుమ్మంలో ఉంటాను. ఇలాంటి పిల్లల్ని వార్డులో ఎందరిని ఏడిపించానో. చేతులకి తెలిసిన పని అది, ఆలోచన అక్కర్లేదు. కాని ఈ పూట ఆ చేతులే పనికిరావు. చేతులకి తెలిసింది నోటికి తెచ్చుకోవాలి. బండరాయిని రెండు చేతులా పట్టుకున్నాను, కాళ్లు ముందుకి పోకుండా.

"ఏలికి మెత్తటి గుడ్డ సుట్టి నోట్లో జిగురు తియ్యి! తీసినావా? తల కొంచెం కిందికి వంచి పట్టు. ఈపు రాయి. అలా కాదు, గట్టిగా, అంట్లు తోమినట్టు తోము! అరికాళ్ల మీద కొట్టు!"

"కొడతన్నానే..."

"ఇంకా కొట్టు! ఆపకు!"

ఎంతసేపో చెప్పలేను. తర్వాత పిల్లి కూసినట్టు చిన్న కూత. ఆ వెంటనే గరగరమని ఇల్లెగిరిపోయే ఏడుపు.

"ఓలమ్మో!" వదిన ఏడుస్తూ నవ్వింది. "నీ గొంతేనే దీనికి!"

నేను బండరాయిని వదిలాను. కాని పని అయిపోలేదు. దారం ఎక్కడ కట్టాలో, బొడ్డు ఎక్కడ కొయ్యాలో అక్కడి నుంచే చెప్పాను. మాయ పడేదాకా చెప్తూనే ఉన్నాను.

సాయంత్రానికి నా కడుపు కుదుటపడింది. జీడిపళ్లే. మర్నాడు ఆ సంగతి విని వదిన నడుం మీద చేతులు పెట్టుకుంది. "జీడిపళ్లు తినీసి ఇంత బాగోతం ఆడించినావేటే నా సేత?"

మునసబు మావ అడ్డుకున్నాడు. "జీడిపళ్లో కలరాయో పొద్దున్న దానికేటి తెలుసు? తెలీదు గాబట్టే రానేదు. ఊరుకో."

ఆ తర్వాత ఇంకో రెండు క్యాంపులకి వెళ్లాను. వెళ్లేముందే ఊళ్లో చెప్పి వెళ్లేదాన్ని, వచ్చాక అయిదు రోజులు ఆ పాకలో ఉంటానని. వదిన తాటాకు కప్పించి, నా కుండ అక్కడ బోర్లించి ఉంచేది. కర్ర మళ్లీ పట్టలేదు. రోగం దగ్గర పనిచేసి వచ్చినవాళ్లని విడిగా పెట్టాలా అని కొత్త ఆయాలు నన్ను అడుగుతారు. పెట్టాలి, మన ఇంట్లోవాళ్ల కోసమే పెట్టాలి అంటాను. కాని ఎన్నాళ్లో ముందే చెప్పాలి, కడుపుకి తిండి పెట్టాలి, మాట్లాడే మనిషి గట్టు మీద ఉండాలి. మనం కూడా ఏదీ మింగెయ్యకూడదు. పొలిమేరలో ఆ మాట మింగి నేను ఆడిన అబద్ధమే నెగ్గి ఉంటే, ఆ మూడో రోజు నేను ఇంట్లోనే ఉందును. కడుపు కదిలినా తిన్నది పడలేదనుకుని గదిలోకి వెళ్లిపోదును. ఆ రోజు జీడిపళ్లే అయ్యాయి. ప్రతిసారీ అవుతాయా?

ఆ మొదటిసారి, ఆరో రోజు పొద్దున్న చీర ఉడకబెట్టి ఆరేసుకుని, తలంటి పోసుకుని గెడ్డ దాటాను. గుమ్మంలో వదిన ముందు కొత్త చుట్ట చేతిలో పెట్టింది, సగం కాదు, నిండు చుట్ట. తర్వాత పిల్లని తెచ్చింది. వదిన చేతుల్లో ఉన్నంతసేపూ అది కేరుకేరుమంటూనే ఉంది. "ఏటే, ఎందుకే ఏడుస్తన్నావు?" అన్నాను. టక్కున ఏడుపు ఆపి, నా వైపుకి తల తిప్పింది. ఆ గొంతు దానికి అప్పటికే తెలుసు.