బావ డ్రమ్ముకు నేను బిగించిన మోటారు

ఒంటి నిండా తేనెతో, తేనెటీగల పెట్టెకు నాలుగడుగుల దూరంలో, అరగంట సేపు కదలకుండా నిలబడిన మనిషిని మీరు చూసి ఉండరు. కూర్మన్నపాలెంలో కొందరు చూశారు. ఆ మనిషిని నేనే.

ఎనభైల మాట. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో గోదావరి జిల్లా నుంచి వచ్చి ఎలక్ట్రీషియన్‌గా చేరాను. పక్కింటి అప్పల్రాజుది పోర్టులో ఉద్యోగం. చుట్టరికం ఏమీ లేకుండానే మొదటి రోజే నన్ను 'బావా' అన్నాడు. అప్పటి నుంచి నాకూ బావే. అతని పెరట్లో ఒక తేనెటీగల పెట్టె ఉండేది. రెండేళ్లుగా ఈగలు చేరడం, నెల తిరక్కుండా లేచిపోవడం. ఆ ఏడే నిలిచి, తేనె పెట్టాయి.

తేనె తీయడమంటే తుట్టెను పిండడమే అనుకునేవాణ్ని. బావ పిండలేదు. చెక్క చట్రంలో ఉన్న తుట్టె మీది మైనపు మూతల్ని వేడినీళ్లలో ముంచిన కత్తితో చెక్కి, చట్రాన్ని రేకు డ్రమ్ములో నిలబెట్టి, పిడి తిప్పాడు. తేనె చిమ్మి డ్రమ్ము గోడకు తగిలి, అడుగు కుళాయిలోంచి దిగింది.

"తుట్టె చెదరలేదే!"

"అదే కిటుకు బావ. కాళీ తుట్టె మల్లా పెట్లో ఎట్టేత్తే, మల్లా నింపుతాయి. తుట్టెలు ఇరిగిపోనాయా, ఈగలెగిరిపోతాయి. అందుకే మెల్లగ తిప్పాల."

మిగతా చట్రాలు వచ్చే ఆదివారానికి ఉంచాడు. వారమంతా డ్యూటీలో నాకు అదే ఆలోచన. చేత్తో తిప్పే వస్తువు కనిపిస్తే మోటారు బిగించేదాకా మా ఎలక్ట్రీషియన్లకు అన్నం సహించదు. మద్దిలపాలెంలో పాత సామాన్ల కొట్టులో గ్రైండరు మోటారు కొని, ఆదివారం బావ పెరట్లోకి మోసుకెళ్లాను.

"ఏటి బావ ఇది?"

"మోటారు. నీ చేతులకు విశ్రాంతి."

"అలిసిపోనామని నా సేతులు నీకు సెప్పాయేటి?"

అతని భార్య లక్ష్మి గుమ్మంలోంచి అంది: "అన్నియ్యా, ఈపాలి ఈగలెగిరిపోతే ఈ మనిసి ముద్ద ముట్టడు. సూసుకో."

"లెక్క వేశాను చెల్లెమ్మా!"

వేసిన మాట నిజమే. డ్రమ్ము మెల్లగా తిరగాలంటే చిన్న చక్రం మోటారుకు, పెద్దది డ్రమ్ముకు. బిగించేటప్పుడు తిరగేశాను.

చట్రాలు నిలబెట్టి స్విచ్చు వేయగానే డ్రమ్ము సైరన్‌లా కూసి, షిఫ్టు అయిపోయినట్టు గేటు వైపు బయలుదేరింది. స్విచ్చు ఆపాలన్న బుద్ధి పుట్టక, వెళ్లి దాన్ని కౌగిలించుకున్నాను. తేనె లేచి నా గుబురు మీసాల నుంచి కాళ్ల దాకా తడిపేసింది.

"స్విచ్చు! స్విచ్చు ఆపీ!" బావ అరిచాడు.

లక్ష్మే ఆపింది. తుట్టెలు ముక్కలయ్యాయి. బావ వంగి ఒక ముక్కను చేతిలోకి తీసుకుని చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఇంతలో ఈగలు వచ్చి నా మీద వాలాయి.

"కదలకు బావ."

"కుడతాయా?"

"కదిల్తే కుడతాయి. ఆటి తేనె అయ్యి పట్టుకెల్లిపోతన్నాయి."

"ఎంతసేపు?"

"ఆ మీసాలు సూత్తే, మద్దేన్నం దాకా."

నేనలా నిలబడి ఉండగానే అతను తుట్టె ముక్కల్ని ఏరి, అరటి నారతో చట్రాలకు కట్టి, పెట్టెలో పెట్టేశాడు. ఆ తర్వాత రోజూ డ్యూటీకి వెళ్లే ముందు గోడ మీంచి అడిగేవాణ్ని.

"ఉన్నాయా?"

"ఉన్నాయి. నువ్వు కనపడకు."

ఎనిమిదో రోజు పెట్టె తెరిచాడు. ఈగలు కొత్త మైనంతో ముక్కల్ని అతికేశాయి. అరటి నారను కొరికి పెట్టె గుమ్మం బయట పారేశాయి. అప్పటికి బావ నవ్వాడు.

"తేనె తీసే మిషన్లు సూసాను బావ. ఈగలకి తేనె తినిపించే మిషనంటే నువ్వే!"

బావ పోయి రెండేళ్లయింది. డ్రమ్మును చెల్లెమ్మ నాకిచ్చింది. మోటారు మాత్రం తన దగ్గరే దాచింది. డ్రమ్ము సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: చేత్తో తిరిగే దేనికీ ఇక మోటారు బిగించను. మీసాలు కూడా పెంచను.