పది డబ్బాలకు ఒక బకెట్టు

బెంజ్ సర్కిల్ వెనక మేముండే అపార్టుమెంటులో ఒకసారి సంఘం వాళ్ళు పాత సామాన్ల పండగ పెట్టారు. పాడైన బ్యాటరీలు, కాలిపోయిన ట్యూబులైట్లు, గడువు దాటిన మాత్రలు, అన్నీ తెచ్చి సెల్లారులో డ్రమ్ముల్లో వేయాలట. షామియానా, మైకు, ప్లాస్టిక్ గ్లాసుల్లో కూల్‌డ్రింకులు. అధ్యక్షుడుగారు మా తలుపు కొట్టి, "మీరు రెండు ముక్కలు మాట్లాడాలండీ, సైన్సు చదువుకున్నారు కదా" అన్నారు. "ఈ డ్రమ్ములు ఇక్కణ్ణించి ఎక్కడికెళతాయండీ?" అని అడిగాను. ఆయన బుర్ర గోక్కుని, "బండొచ్చి తీసుకెళ్ళిపోద్దండీ, మనకెందుకు!" అన్నారు. నేను తలుపు వేసేశాను. పొగరనుకుని ఉంటారు. అనుకోనీ. అలాంటి సంబడం ఒకటి నేను ముందే చూశాను. చూడటమేమిటి, బహుమతి కూడా తెచ్చుకున్నాను.

తొంభైల్లో మాట. కంకిపాడు దాటి ఉయ్యూరు వైపు వెళ్ళే దారిలో మా అత్తగారి ఊరు. ఆ ఊళ్ళో ఏ వస్తువూ పారేసే అలవాటు లేదు. పురుగుమందు డబ్బా ఖాళీ అయితే చింతపండూ బూడిదా వేసి తోమి, ఎండబెట్టి, ఇంట్లోకి తెచ్చుకునేవాళ్ళు. ఒకింట్లో కిరసనాయిలు, ఒకింట్లో విత్తనాలు. ఒక మహానుభావుడు అందులో నెయ్యి పోసి వియ్యాలవారికి పంపాడు. డబ్బా మీద పుర్రె బొమ్మ అలాగే ఉంది. వాళ్ళు ఆ నెయ్యి తిన్నారో పారబోశారో నాకు తెలియదు గానీ, ఈయన మాత్రం డబ్బా తిరిగి పంపలేదని ఏడాదిపాటు సణిగాడు.

ఊళ్ళో పురుగుమందుల కొట్టాయనకు ఉన్నట్టుండి జనం ఆరోగ్యం మీద బెంగ పుట్టింది. కంపెనీ వాళ్ళు చెయ్యమన్నారట. రిక్షాకి మైకు కట్టించి వీధి వీధీ తిప్పాడు. ఆదివారం పొద్దున బడి ఆవరణలో సభ. పది ఖాళీ డబ్బాలు తెచ్చిన ఇంటికి ఒక ప్లాస్టిక్ బకెట్టు ఉచితం. డబ్బాలు శుభ్రంగా కడిగి తేవాలి. మందున్న డబ్బాలు తీసుకోరు. ఆ చివరి ముక్క మైకులో మూడేసిసార్లు చెప్పించాడు. మందుంటే ఏం చెయ్యాలో మాత్రం ఒక్కసారి కూడా చెప్పించలేదు.

ఊరు ఊరంతా వెర్రెత్తిపోయింది. పొలాలున్నాయి, పాడి ఉంది, ఒకరిద్దరికి మోటారు సైకిళ్ళు కూడా ఉన్నాయి. అయినా ఉచితంగా వచ్చే ఎర్ర బకెట్టంటే ఎంత యావో! పశువుల కొట్టాల్లో అటకలన్నీ దులిపారు. మా ఇంట్లో ఖాళీవి ఏడే తేలాయి. ఇంకో మూడిట్లో అడుగున మందుంది. మా అత్తగారు ఆ మూడూ నా ముందు పెట్టి, "అమ్మాయ్, ఇవి బోదెలో ఒంపేసి కడుక్కురా" అన్నారు. బోదె అంటే మా వీధి చివర పారే పిల్లకాలువ.

నేను అప్పటికి బీయస్సీ చదివినదాన్ని. డబ్బా మీద కాగితం చదివి వినిపించాను: చెరువుల్లో, కాలువల్లో పోయరాదు అని. "కాయితం మీద సవాలక్ష రాస్తారు, అవన్నీ చేస్తామా ఏంది? పారే నీళ్ళు, ఎక్కడికో పోతాయిలే" అన్నారావిడ.

ఎక్కడికో! ఎక్కడికి పోతాయో ఆ ఊళ్ళో తెలియని మనిషి లేడు. మా వీధికి రోజూ చేపల గంప తెచ్చే ఆవిడ ఒకత్తి ఉండేది. ఆవిడ మొగుడు అంతకుముందు కాలవల్లో వల వేసుకుని బతికేవాడు. ఆ ఏడే మొదటిసారి ఊరి చివర, ఈ బోదె నీళ్ళు చేరే చెరువు గుత్తకు తీసుకుని చేపపిల్లల్ని పోశాడు. ఇంకో పది రోజుల్లో చేపల పట్టుబడి. అది చేతికొస్తే తాటాకిల్లు తీసేసి గోడలు లేపుకోవాలని ఇటుకలు కూడా దింపించుకుని గుమ్మం ముందు పేర్చుకున్నారు. గంప దించడం ఆలస్యం, ఆవిడకు ఆ ఇటుకల గొడవే. "ఈసారి వానలకి తడవమండీ అమ్మాయిగారూ!" అనేది. నేను బేరం మీద ధ్యాసతో ఊఁ కొట్టేదాన్ని.

ఆ వారంలోనే ఎండాకాలానికి కాలువలు కట్టేస్తారు. కట్టేలోపల చెరువు నింపుకోవాలి. అందుకని శుక్రవారంనాడు అతను ఇంటింటికీ తిరిగి చెప్పాడు. "రేపు సాయంత్రం చెరువు తూమెత్తుకుంటానండీ. ఆ పూటకి బోదెకి అడ్డం కట్టమాకండి బాబూ" అని దణ్ణం పెట్టాడు. మా గుమ్మంలోకీ వచ్చాడు. సరేలే అన్నాం.

శనివారం మధ్యాహ్నం బోదె గట్టున తిరనాళ్ళే. ఆడవాళ్ళం వరసగా కూర్చుని, కొంగులు దోపుకుని, కబుర్లు చెప్పుకుంటూ కడిగాం. కాలువలో నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. మందు పడ్డచోటల్లా నీళ్ళు తెల్లగా పాలల్లే అయ్యాయి. "భలే తెలుపు!" అని ఒకావిడ మురిసిపోయింది. నాకు అతను పెట్టిన దణ్ణం గుర్తొచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది, పక్కన అత్తగారున్నారు, మూడో డబ్బా కూడా ఒంపేశాను. ఛీ, ఏం చదువు నాది!

ఆదివారం సభ దివ్యంగా జరిగింది. వేదిక మీద పెద్దలు ఒకళ్ళకొకళ్ళు దండలు వేసుకున్నారు. కొట్టాయన నేల గురించీ, నీళ్ళ గురించీ అరగంట మాట్లాడాడు. బకెట్లు పంచడం అయ్యి, డబ్బాల గుట్ట ముందు ఫొటోకి నిలబడుతుండగా చేపలావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది. జుట్టు ఊడిపోయి ఉంది, కాళ్ళు మోకాళ్ళదాకా బురద.

"చెరువంతా తేలిపోయిందండీ! ఒక్కటి మిగల్లేదండీ! కుళ్ళకముందు తియ్యాలి, బకెట్లుంటే ఇప్పించండి బాబూ!"

ఎవరూ ఎవరి మొహం చూడలేదు. ఫొటోగ్రాఫరు మాత్రం, "ఒక్క నిమిషం, కదలొద్దండీ" అన్నాడు. మేం కదల్లేదు. ఫొటో అయ్యాకే వెళ్ళాం. నా మొహం కూడా ఉంది అందులో, బకెట్టు పట్టుకుని.

చెరువు గట్టు మీద ఆవిడ మొగుడు కూర్చుని ఉన్నాడు. నీళ్ళ మీద ఈ చివర నుంచి ఆ చివరదాకా తెల్లటి పొట్టలే. కొట్టాయన వంగి చూసి, "ఎండలు ముదిరినయ్ కదా, నీళ్ళల్లో గాలి చాల్లేదు" అని తేల్చేశాడు. మగవాళ్ళంతా గంగిరెద్దుల్లా తలలూపారు. మా ఆయన కూడా ఊపారు. ఆ గట్టు మీద అంత చదువుకున్న ఆడది నేనొక్కత్తినే. నేను కాదంటే వినేవాళ్ళు. నోరు విప్పితే ముందు నా మూడు డబ్బాల సంగతి చెప్పాలి. విప్పలేదు.

అందరం మా కొత్త బకెట్లు ధారాళంగా ఇచ్చాం. ఆ పూట ఊళ్ళో ఉదారతకి కరువు లేదు. ఒకావిడ మజ్జిగ కూడా పంపింది. గొయ్యి తవ్వి, బకెట్లతో మోసి, సాయంత్రానికి కప్పెట్టేశారు.

రెండు రోజుల తరవాత నేను గుమ్మంలో నిలబడి ఉంటే వాళ్ళ గుమ్మం ముందరి ఇటుకలు ఎత్తుకుని ట్రాక్టరు మా వీధమ్మట వెనక్కి పోయింది. వెనకే ఆవిడ వచ్చింది. తల మీద గంప లేదు, చేతిలో మా బకెట్టు ఉంది.

"చింతపండూ బూడిదా వేసి మూడుసార్లు తోమానండీ, నీచు వాసన రాకుండా" అంది. "ఊరంతా కొత్త బకెట్లు చూసుకోకుండా ఇచ్చారండీ అమ్మాయిగారూ. ఈ మేలు మర్చిపోమండీ."

"పర్లేదులే" అని బకెట్టు తీసుకుని లోపల పెట్టుకున్నాను.