రహీం చేసిన కాలు

1986 జూన్‌లో నన్ను పాతబస్తీలోని ఒక ధర్మాసుపత్రికి, కృత్రిమ అవయవాల వర్క్‌షాపులో రెండో గ్రేడు టెక్నీషియన్‌గా వేశారు. శిక్షణలో మొదటి స్థానం నాదే. ఎవరూ అడక్కపోయినా ఆ సంగతి చెప్పుకునేవాణ్ణి.

ఆ వానాకాలంలోనే మల్లయ్య వచ్చాడు. సైదాబాద్‌లో బర్రెలు పెట్టుకుని పాలు అమ్మే మనిషి, అరవై ఏళ్లుంటాయి. తెల్లవాళ్లు దేశం వదిలి వెళ్లే రోజుల్లో వాళ్ల సైన్యంలో సిపాయిగా ఉంటూ ఎడమ కాలు మోకాలి కింద పోగొట్టుకున్నాడు. తొడుక్కొచ్చింది టేకుతో చెక్కిన కాలు. తోలు పట్టీలు ఎన్నోసార్లు మార్పించాడట, కర్ర మాత్రం అప్పటిదే. మా డాక్టరుగారు దాన్ని తిప్పి తిప్పి చూసి, నర్సులను కూడా పిలిచి చూపించారు. నేను చేసిన ఏ కాలికీ ఆయన అలా ఎవర్నీ పిలవలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

పనిగట్టుకుని తప్పు వెతికాను, ఒకటి దొరికింది. తెగిన కాలు దూరే గిన్నెను మేం సాకెట్ అంటాం. దాని వెనక అంచు ఉండాల్సినదానికన్నా రెండు వేళ్లు కిందికి కోసి ఉంది. మొరటు పని అని అందరి ముందూ తేల్చేశాను. ప్లాస్టర్ మూస తీసి, పుస్తకంలో ఉన్నట్టే కొత్త కాలు చేశాను. మల్లయ్య బాగానే నడిచాడు. నిబంధన ప్రకారం పాతదాన్ని రిజిస్టరులో 'కండెమ్', అంటే పనికిరాదు అని రాసి నెల రోజులు ఉంచాలి. నేను ఆ సాయంత్రమే రంపంతో రెండు ముక్కలు చేసి మూల పడేశాను.

నాలుగో రోజు మోచెయ్యి దోక్కుపోయి వచ్చాడు.

"నడ్వనీకి మంచిగనే ఉంది సారూ. బర్రె కింద గొంతుక్కూసుందామంటే మోకాలు ముడుస్తలేదు. ఎన్కకు వడ్డ. నా పాతది నాకియ్యుండ్రి."

దాంట్లో అంత గొప్పేముందని కసిరాను.

"గది రహీం చేసిండు. మా పల్టన్ల కట్టెలు చెక్కే వడ్లపని చేసేటోడు. యుద్ధమప్పుడు పూడ్సిన బాంబులు తీస్తుంటే నా కాలు వోయింది. బుజం మీద ఏస్కొని ఉరికింది వాడు. నువ్వు బర్రెలోల్ల పోరగానివి, కూసునేటట్టు జేస్తనన్నడు. తెల్లోల్లు పోంగ పల్టన్‌ను గుడ పంచిన్రు. నేను దవాఖానల ఉన్న, వాన్ని పాకిస్తాన్ రైలెక్కిచ్చిన్రు. మల్ల జాడ లేదు."

ముక్కలు తెచ్చి ముందు పెట్టాను. ఆయన తిట్టలేదు. ఒకదాన్ని ఇంకోదానికి ఆనించి చూశాడు.

"కోసినవా?" అన్నాడు. అంతవరకూ సారూ అన్న మనిషి.

ఆ ముక్కలను బిగించి, వెనక అంచు కొలత తీసుకుని, నా సాకెట్‌ను కూడా సరిగ్గా అంతే కోశాను. మోకాలు పూర్తిగా మడవడానికే రహీం అలా చేశాడు. డాక్టరుగారు ఆనాడు చూసిందీ అదే, నాకు కనపడనిదీ అదే.

మల్లయ్య ముక్కలను గోనెసంచిలో పెట్టుకుని ఇంటికి పోయాడు. నేను వెంట కొట్టందాకా వెళ్లాను. బర్రె కింద గొంతుక్కూర్చుని, బకెట్ మోకాళ్ల మధ్య ఇరికించుకుని నిండా పాలు పిండాడు. కొత్త కాలు ఎవరు చేశారని పక్కింటాయన అడిగితే, తలెత్తకుండా "రహీం" అన్నాడు.

కాగితం మీద సంతకం నాది. ఆ మాటకు అప్పుడు కుళ్లుకున్నాను, ఇప్పటికీ కుళ్లుకుంటాను. రిటైరయ్యేదాకా ప్రతి కొలత కాగితం మీద మొదటి ప్రశ్నగా 'ఇంట్లో ఎలా కూర్చుంటారు?' అని రాశాను. పాత కాలు ఎవరిదైనా, వాళ్లను అడక్కుండా రంపం పట్టలేదు.