బియ్యం కడుగునీళ్ళ రంగు

రాఘవమ్మ ఇంట్లో మిట్టమధ్యాహ్నం కూడా లైటు వెయ్యందే పప్పు ఏరడం కుదరదు. వంటగదికి ఉన్న ఒక్కగానొక్క కిటికీ తెరిస్తే పక్కింటివాళ్ళ మేడ గోడ ముక్కుకి తగులుతుంది. పొయ్యి గట్టు మీద పరిచింది చీమకుర్తి నల్లరాయి. ఇక గోడలంటారా, ఇల్లు కట్టిన రోజుల్లో తలుపులకీ కిటికీలకీ వెయ్యగా మిగిలిన కాఫీపొడి రంగునంతా పోగుచేసి వాటికి కొట్టించాడు ఆమె భర్త భావనారాయణ. మురికి కనపడదన్నది ఆయన వాదం. కనపడనంత మాత్రాన మురికి పోయినట్టా అని ఆమె అప్పుడే అడిగింది. ఆ గోడ మీద మురికే కాదు, మొన్న వానాకాలంలో జెర్రి కూడా కనపడలేదు. మేకుకి తగిలించిన గరిటె కోసం చెయ్యి పెడితే కుట్టింది. వాచిన చేత్తోనే ఇంటిల్లిపాదికీ వండి పెట్టింది.

వంటిల్లు ఆడవాళ్ళ రాజ్యమని చెప్పేవాళ్ళకి పర్చూరు చుట్టుపక్కల ఊళ్ళలోనూ కొదవలేదు. ఆ రాజ్యంలో రాణిగారికి గోడ రంగు ఎంచుకునే అధికారమైనా ఉందా అని అడిగితే మాత్రం నవ్వేసి మాట మారుస్తారు.

ఇన్నాళ్ళకి ఆ ఇంటికి మళ్ళీ రంగులు వేయించాల్సిన పని పడింది. కొడుకు వీరబాబుకి సంబంధం కుదిరింది. ఆదివారం పిల్ల తరఫువాళ్ళు ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. మగవాళ్ళు హాల్లో కూర్చుని పొలాల సంగతులు మాట్లాడుకుంటారు. ఆడవాళ్ళు మంచినీళ్ళు తాగిన గ్లాసు లోపల పెట్టొస్తామనే వంకతో తిన్నగా వంటగదిలోకి నడుస్తారు. తమ పిల్ల రేపు ఎక్కడ నిలబడాలో వాళ్ళకి బాగా తెలుసు.

"హాలు సంగతి నేను చూసుకుంటా. వంటగది నీ ఇష్టం," అన్నాడు భావనారాయణ.

ఆ మాటని రాఘవమ్మ నిజమే అనుకుంది. ఆటో ఎక్కి పర్చూరు వెళ్ళింది. పెయింట్ల కొట్లో ట్యూబులైటు కింద అన్ని రంగులూ ఒకేలా కనిపించాయి. షేడ్ కార్డు ఇంటికి పట్టుకెళ్ళి తెస్తానంటే కొట్టువాడు ముందు గొణిగి, ఆనక ఇచ్చాడు. ఆ కార్డుని పొయ్యి వెనక గోడకి ఆనించి పొద్దున చూసింది, ఎండ నెత్తికెక్కాక చూసింది, సాయంత్రం లైటు వేసి చూసింది. లేత పసుపు దీపం వెలుతురులో జబ్బు మనిషి మొహంలా ఉంది. లేత ఆకుపచ్చ పొద్దున బాగుండి, మధ్యాహ్నానికి నాచు పట్టినట్టయింది. చివరికి ఒకటి కుదిరింది, దాని పక్కన పెన్నుతో టిక్కు పెట్టుకుంది. కార్డు మీద దాని పేరు నోరు తిరగని ఇంగ్లీషులో ఉంది గానీ, ఆమె లెక్కలో అది బియ్యం రెండోసారి కడిగిన నీళ్ళ రంగు. తెల్లగా వెలవెలబోదు, కామెర్లు పట్టినట్టు పచ్చబడదు.

ఇష్టం నీదే అన్నవాళ్ళందరికీ అప్పుడు అభిప్రాయాలు పుట్టుకొచ్చాయి. ఆసుపత్రిలా ఉంటుంది, మనిషి ఎప్పుడు పోతాడా అని చూస్తున్నట్టుంటుంది, అంది అత్తగారు సుబ్బరావమ్మ. వాస్తు చెప్పే ఆయన ఫోన్లోనే ఆగ్నేయానికి ఎరుపు వెయ్యమన్నాడు. ఆగ్నేయంలో అగ్ని ఉండాలి సరే, అక్కడ వండే మనిషికి కళ్ళు కనపడకూడదని ఏ శాస్త్రంలో ఉందో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

భావనారాయణ కార్డుని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. "తాలుకాయ రంగేంటే ఇది?"

ఆయన్ని అని లాభం లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మిరప పండించే మనిషి. కల్లంలో కాయ ఎర్రగా నిగనిగలాడితేనే ఆయనకి నిద్ర పడుతుంది. పాలిపోయి తెల్లబడ్డ కాయ కంటబడితే తాలని ఏరి అవతల పారేస్తాడు. లేతగా ఉన్నదేదైనా చెడిపోయినదే అని కళ్ళు నేర్చుకున్నాయి. అందుకే హాలుకి ఆయన ఎంచింది పండుమిరప రంగు. ఆ ఎరుపు మధ్యలో వియ్యంకుణ్ణి కూర్చోబెట్టి మర్యాద చెయ్యాలని ఆయన ఆశ.

"తాలో, తప్పో, ఉండేది నేను కదా," అని రాఘవమ్మ తన బకెట్టు తెప్పించుకుంది.

శుక్రవారం చేలో మిరపకోత. కూలీలు దిగారు, దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. హాలు రంగు దగ్గరుండి వేయించుకోవాలని భావనారాయణ ఇంట్లోనే ఆగాడు. పెయింటరు క్రీస్తుదాసుకి ఏ బకెట్టు ఎక్కడికో ఒకటికి రెండుసార్లు చెప్పి ఆమె చేలోకి వెళ్ళింది. ఒంగిన నడుం ఎత్తినప్పుడల్లా మనసు ఇంటి మీదే. రేపు స్టవ్ వెలిగించేటప్పటికి గోడ ఎలా ఉంటుందో ఊహించుకుంటూ, కోయని చెట్టు దాటేసి కూలీల చేత నవ్వించుకుంది.

పొద్దు వాలాక కాళ్ళు కడుక్కుని గడప దాటేసరికి హాలంతా వెలుతురు. తన రంగే. నాలుగు గోడలకీ పరుచుకుని, టీవీ వెనక, దేవుడి పటాల కింద, ఫ్యాను రెక్కల నీడతో సహా ఎంతో బాగుంది. ఆమె వంటగదిలోకి పరిగెత్తింది. పండుమిరప ఎరుపు. పై నుంచి కింద దాకా. లైటు వేసినా అవతల గోడ దగ్గరికొచ్చి మీద పడేలా ఉంది.

జరిగిందేంటో క్రీస్తుదాసు బ్రష్షు కడుక్కుంటూ, తల ఎత్తకుండా చెప్పాడు. సామాను తీసేసి హాలు ఖాళీగా ఉంది కదా అని ఆమె రంగుని ముందు అక్కడ గోడ మీద ఒక చారెడు వేసి చూశాడట. సరిగ్గా అప్పుడే పెళ్ళి సంబంధం కుదిర్చిన పెద్దమనిషి వచ్చి, హాలు రెండింతలైనట్టుంది, పట్నం ఇల్లులా ఉంది అన్నాడట. దాంతో అయ్యగారు బకెట్లు మార్చెయ్యమన్నారట, చాలనిదానికి ఇంకోటి తెప్పించారట. "నేను చెప్పానమ్మా, అమ్మగారు వంటగదికన్నారని. ఆయన మీకు చెబుతానన్నారు."

భావనారాయణ ఉత్సాహంగా ఎదురొచ్చాడు. "చూశావా? అందరూ మెచ్చుకుంటున్నారు. నీ సెలక్షనే అని చెబుతున్నా అందరికీ."

"తాలుకాయ రంగన్నారుగా?"

"గోడ మీద చూస్తే తెలిసింది. అయినా అంత మంచి రంగు తీసుకెళ్ళి వంటగదిలో వేస్తే ఎవరు చూస్తారే?"

"నేను," అంది రాఘవమ్మ.

ఆయనకి అది జవాబులా అనిపించలేదు. ఏడాది తిరగనీ, మిరప డబ్బులొస్తాయి, అప్పుడు వంటగదికి మళ్ళీ వేయిద్దామన్నాడు. అత్తగారు హాల్లో కూర్చుని గోడల్ని మురిపెంగా చూసుకుంటోంది. ఆసుపత్రి ఊసే ఎత్తలేదు. రాఘవమ్మకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. తన మాట కాదన్నా ఇంత కోపం వచ్చేది కాదు. తనదే బాగుందని ఒప్పుకుని మరీ లాక్కున్నారు.

శనివారం పొద్దున ఆమె స్టవ్వు, సిలిండరు, పోపుల పెట్టె హాల్లోకి తెచ్చింది. డైనింగు టేబులు టీవీ పక్కకి జరిపి దాని మీద స్టవ్వు పెట్టింది. అత్తగారు ఇదేం చోద్యమే అంది. రాఘవమ్మ మూకుట్లో నూనె పోసి, కొత్త ఎండుమిరపకాయలు తుంచి వేసింది. ఘాటు హాలంతా కమ్మింది. భావనారాయణ తుమ్ముకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ గదిలోంచి బయటికొచ్చాడు.

"నీకేమన్నా పిచ్చా? రేపు వాళ్ళొస్తుంటే గోడలన్నీ జిడ్డు చేస్తావా?"

"నా రంగు ఎక్కడుంటే నా వంట అక్కడే. రేపు వియ్యపురాలికి కూడా ఇక్కడే చూపిస్తాను. లోపలికెళ్ళే శ్రమ లేకుండా."

ఆమె గొంతు పెంచలేదు. మూకుట్లో ఇంకో గుప్పెడు వెయ్యడానికి చెయ్యి చాపింది. భావనారాయణ ఆ చేతి వంకా, టీవీ వెనక గోడ వంకా చూశాడు. చొక్కా తొడుక్కుని, క్రీస్తుదాసుకి ఫోన్ చేసి రమ్మని, బండి తీశాడు.

పర్చూరు నుంచి ఫోన్ వచ్చేసరికి అన్నం వార్చేసింది. కొట్టువాడు పక్కనే ఉన్నాడని, మంచి మాట చెబుతున్నాడని మొదలుపెట్టాడాయన. వంటగదికి మరీ అంత లేత రంగు ఎవరూ వెయ్యరట. అదే రంగులో కొంచెం ముదురు షేడు తీసుకుంటే మురికి కూడా కనపడదట. రెంటికీ పెద్ద తేడా ఏం ఉండదట.

రాఘవమ్మ ఫోను చెవికీ భుజానికీ మధ్య బిగించి పులుసులోకి ఉల్లిపాయలు తరుగుతోంది.

"కార్డులో నేను టిక్కు పెట్టిందే తీసుకురండి," అంది. "స్టవ్వు ఇంకా హాల్లోనే ఉంది."