చివరి బండి మీద పుట్టింటి చీర

నా చిన్నప్పుడు మా బంధువులు ఎక్కడికి వెళ్లినా గుంపుగానే వెళ్లేవారు, పెళ్లికైనా చావుకైనా. మాది సూళగిరి పక్కన పల్లె. మా వాళ్ళలో కొందరికి మోటారు సైకిళ్లు వచ్చాక ఆ గుంపు ప్రయాణం కాస్తా పందెంగా మారింది. అందులో ఎప్పుడూ ఆఖరున చేరేది మా నాయనే. ఇంటింటా పాలు పోయించుకుని డెయిరీకి చేర్చే పని ఆయనది. రెండు వైపులా క్యాన్లు కట్టుకుని గతుకుల్లో పాలు తొణకకుండా నడిపీ నడిపీ, క్యాన్లు దించేసిన రోజు కూడా అలాగే నడిపేవాడు. ఆయన బండి కంటే ఎద్దుల బండి నయమని బాబాయిలు నవ్వేవారు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది.

ఒక ఎండాకాలం మా మేనత్త పోయింది. ఆమె నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్లయి ఊత్తంగరై దగ్గర పల్లెకు వెళ్లేదాకా నన్ను పెంచింది ఆమే. తలంటి పోసేది, జడ వేసేది, నేను అలిగి అన్నం తినకపోతే తనూ తినకుండా నా పక్కనే కూర్చునేది. కామెర్లని పసరు మందు తాగించారట, ముదిరేదాకా ఎవరికీ తెలియలేదట. మొదటి బస్సుకు వచ్చిన మనిషి వాకిట్లో నిలబడే ఈ కబురు చెప్పాడు. పొద్దు గుంకేలోపు ఎత్తేస్తారనీ చెప్పాడు. మా అవ్వా, అమ్మా ఉన్నపళంగా అతని వెంట బస్సెక్కారు. చావు ఇంటికి పిల్లలెందుకని నన్ను వదిలేశారు.

మాలో పెళ్లయిన ఆడది పోతే పుట్టింటి నుంచి చీర రావాలి. అన్నో తమ్ముడో ఆ చీర కప్పాకే పాడె ఎత్తుతారు. చీర ముందు నడవాలి, పుట్టింటి మగవాళ్ళంతా దాని వెనక ఒక్కటిగా ఊళ్ళో అడుగుపెట్టాలి. ఎవరెంత ముందుగా చేరినా పొలిమేరలో ఆగి చీర కోసం కాచుకోవలసిందే. దారిలో ఆ చీరను నేల మీద పెట్టకూడదు, బండికి తగిలించకూడదు, ఒకరి ఒడిలోనే రావాలి. నాయన సూళగిరిలో అంగడి తీయించి ఆకుపచ్చ చీర కొన్నాడు. అత్తను చూడాలని నేను ఒకటే ఏడుపు. చీర ఒడిలో పెట్టుకోవడానికి నన్నే బండి మీద కూర్చోబెట్టుకున్నాడు.

నాలుగైదు బండ్లు బయలుదేరాయి. వాటిలో ఒకటి నడిపింది మా పెద్దనాన్న కొడుకు, నాకు అన్న, కొత్తగా బండి నేర్చినవాడు. ఆ బండి కూడా అతనిది కాదు, బావమరిదిని అడిగి తెచ్చుకున్నది. బయలుదేరే ముందు నాయన అతన్ని పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు. "నీ చేతికి ఎంత వస్తే అంతే పో అప్పా. ముందర పొయ్యేవోళ్ళను చూడొద్దు, దోవ చూడు. నీ ఎనకాల నేనుండాను." అన్న సరేనని తలూపాడు.

కొంత దూరం మాట మీదే నిలబడ్డాడు. మా ముందు నిదానంగా వెళ్తూ ఉన్నాడు. అప్పట్లో హైవే ఇప్పుడున్నంత వెడల్పు లేదు, లారీలు మాత్రం ఉన్నాయి. బాబాయిలకు ఒకటే తొందర. ఆలస్యమైతే పుట్టింటివాళ్ళ ప్రేమ ఇంతేనా అని ఆ ఊరివాళ్ళు ఎత్తిపొడుస్తారని వాళ్ళ భయం. ఒకచోట ఆగి వెనక్కి తిరిగి చేతులు ఊపారు, ఏదో అరిచారు. అన్న వాళ్ళను చూశాడు, ఓసారి మా వైపూ చూశాడు, బండి వేగం పెంచాడు. కాసేపటికి మలుపులో కనపడకుండా పోయాడు. మనమూ అలా పోదామని నేను నాయన చొక్కా పట్టి లాగాను. ఆయన ఎప్పటిలాగే నడిపాడు.

కుందారపల్లి దాటాక రోడ్డు పక్క కంకరలో అన్న బండి పడి కనపడింది. లారీని దాటబోయి తారు రోడ్డు దిగాడు, బండి కాలి మీద పడింది. మోకాలి కింద ఏమైందో నేను చూడకుండా నాయన నా ముఖం అటు తిప్పాడు. అన్న అరవడం లేదు. చిన్నాయనా, చిన్నాయనా అని మెల్లగా పిలుస్తున్నాడంతే. నాయన పంచె చించి కాలికి కట్టాడు, టమాటాల వ్యాను ఆపి ఆ బుట్టల మధ్యే పడుకోబెట్టాడు. మా బండి పక్కనున్న టీ అంగడివాడికి అప్పగించి మమ్మల్నిద్దరినీ క్రిష్ణగిరి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు.

కాలు తీసెయ్యాలన్నారు. సొంతవాళ్ళు ఒకరు దగ్గర ఉండి తీరాలన్నారు. నాయన ఊత్తంగరై బస్సు కండక్టరుతో కబురు పంపి, గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. అక్కడ చెల్లెలు ఉంది, ఇక్కడ తన అన్న కొడుకు ఉన్నాడు. అంత పెద్ద మనిషి అలా దిక్కుతోచక నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. నేను బెంచీ మీద చీర ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. దాహమైనా లేవలేదు, లేస్తే చీర ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఆ వేళకు బాబాయిలు మేనత్త ఊరి పొలిమేరలో కూర్చుని ఉన్నారట. చీర రాలేదు గనక లోపలికి పోలేరు. ఆయనెప్పుడూ ఇంతే, చెల్లెలి చావుకు కూడా నత్తనడకేనా అని మొదట విసుక్కున్నారట, తర్వాత తిట్టుకున్నారట. అన్న ఆయనతోనే వస్తున్నాడనుకున్నారు. ఏమైందో చూసి వద్దామని ఒక్కరికీ తోచలేదు. కబురు అందాక చిన్న బాబాయి ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చేసరికి ఎండ వాలిపోయింది.

నాయన ఆ బాబాయి బండే తీసుకున్నాడు. అది కొత్తది, మంచి వేగం పోయే బండి. ఇప్పుడైనా తొందరగా పోతాడని నేను ఆశపడ్డాను. పోలేదు. పాల క్యాన్లు ఉన్నప్పుడు ఎలా నడిపేవాడో అలాగే నడిపాడు. పొద్దు చెట్ల కిందికి దిగుతోంది. నేను ఒక చేత్తో చీర పట్టుకుని రెండో చేత్తో ఆయన వీపు మీద గుద్దాను, అత్తను పూడ్చేస్తారు, పో నాయనా అని ఏడ్చాను. ఆయన వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"నీ అత్త ఎట్లాగూ పాయె. ఆ బిడ్డ కాలు పాయె. నిన్ను గూడా యాడన్నా పారేసుకుంటే నేనెట్లమ్మా?"

భుజానికి కళ్ళు తుడుచుకున్నాడు. ఏడుస్తూనే బండి నడిపాడు, అయినా వేగం పెంచలేదు.

మేము వెళ్లేసరికి మట్టి కప్పేశారు. పొద్దు పోతోందని ఆ ఊరి పెద్దలు ఇక ఆగలేదు, అత్తింటివాళ్ళ చీరతోనే సాగనంపారు. నాయన నా చేతుల్లోంచి చీర తీసుకుని ఆ పచ్చి మట్టి మీద పరిచి, గాలికి ఎగరకుండా అంచుల మీద రాళ్ళు పెట్టాడు. మా అవ్వ అటు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత ఎన్నో నెలలు ఆమె కొడుకుతో మాట్లాడలేదు.

అన్న కాలు పోయిన సంగతి తెలిసి కూడా, ఆయన నిదానం వల్లే చెల్లెలు పుట్టింటి చీర లేకుండా పోయిందని మా వాళ్ళలో ఒక మాట స్థిరపడిపోయింది. ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు. ఒకసారి నేనే ఉండబట్టలేక, ఆ రోజు మనమూ వాళ్ళతోపాటు ముందు పోయుంటే అత్తను చూసేవాళ్ళం కదా అని అడిగేశాను. ఆయన క్యాన్లు కడుగుతూ, "చూసుందుము. వాడు మాత్రం ఆడ ఒక్కడే పడుండును" అన్నాడు.

ఇప్పుడు మా పల్లె నుంచి పదిమంది ఆడవాళ్ళం స్కూటర్ల మీద సూళగిరి ఫ్యాక్టరీకి వెళ్తాం. కుర్రపిల్లలు సర్రున దూసుకుపోతారు. కొత్తగా నేర్చుకున్న పిల్ల ఎవరున్నా నేను ఆమె వెనకే ఉంటాను. గేటు దగ్గర నన్ను చూసి నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

మా అత్త ముఖం ఎంత తలచుకున్నా నాకు సరిగా గుర్తు రాదు. ఒక్క ఫొటో కూడా లేదు. ఆ రోజు కడసారి చూసుంటే మనసులో నిలిచి ఉండేదేమోనని ఇప్పటికీ ఏడుపొస్తుంది. ఆ లోటు తీరేది కాదు.

మా నాయన పోయినప్పుడు అన్న చంకకర్ర పట్టుకుని పాడె ముందు నడిచాడు. బండి ఎక్కమని ఎంతమంది చెప్పినా వినలేదు. బాబాయిలు, వాళ్ళ కొడుకులు, అంత పెద్ద గుంపూ అన్న అడుగు కోసం ఆగి ఆగి నడిచింది. నేను వాకిట్లో నిలబడి వీధి చివరిదాకా చూశాను. ఒక్కరూ అన్నను దాటి ముందుకు పోలేదు. రోజూ పొద్దున స్కూటరు తీసేటప్పుడు నా కళ్ళ ముందు ఆ నడకే ఉంటుంది.